పరిహాసానికి పొలిమేర

‘ఇంట్లో ముసలం పుట్టింది’ అనే జాతీయాన్ని మీరు వినే ఉంటారు. ఒక కుటుంబంలోనో, ఒక సంస్థలోనో లోలోపల కలహం రగిలి అది వినాశనానికి దారితీసే వేళ పెద్దలు ఈ మాట వాడుతారు. దీని వెనుక ఉన్నది ఒక ఆకతాయి చేష్ట అన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోయారు. ద్వారకకు వచ్చిన విశ్వామిత్ర, కణ్వ, నారదులను ఆటపట్టించాలని యాదవ కుమారులకు బుద్ధి పుట్టింది. సాంబునికి గర్భిణి వేషం వేసి, మునుల ముందు నిలబెట్టి, ఈమెకు ఏ బిడ్డ పుడుతుందో చెప్పండని అడిగారు. మునులకు నవ్వు రాలేదు. ఇనుప రోకలి పుడుతుందనీ, అదే యదువంశాన్ని రూపుమాపుతుందనీ శపించారు. గాంధారి శాపం అంతకు ముందే ఉన్నా, అది పండడానికి ముహూర్తం పెట్టింది మాత్రం ఈ నవ్వులాటే.

ఈ కథ చెప్పినప్పుడల్లా తరగతిలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: ‘ఇంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్షా?’ న్యాయమైన ప్రశ్నే. కుర్రకారు చేసే వెకిలి పనులను, వీథులలో సాగే ఆగడాలను చట్టం పట్టించుకోవాలా, పట్టించుకొంటే ఎంతవరకు అన్న నేటి చర్చ కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది. దీనికి నా సమాధానం చెప్పేముందు, నేనూ ఒకప్పుడు ఆకతాయినేనని ఒప్పుకోవడం మర్యాద.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. మా వైపు కాముని పున్నమి వస్తున్నదంటే పిల్లలు ఇంటింటికీ తిరిగి జాజిరి ఆడుతారు. కాముని దహనానికి కట్టెలు పోగుచేస్తారు. అడిగి తెచ్చిన కట్టెకన్నా రాత్రిపూట ఎత్తుకొని వచ్చిన కట్టెకే గౌరవం ఎక్కువ. పెరట్లోని దుంగ, విరిగిన మంచం కోడు, పాత తలుపు ఏదైనా సరే, కాముని పేర మంటలో పడితే అడిగేవారుండరు. ఊరంతా ఒప్పుకొన్న దొంగతనమది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా జట్టు ఒక కౌలు రైతు వాకిట్లోని గొర్రును ఎత్తుకొని వచ్చింది. పాతదనుకొన్నాము. మంట బాగా లేచింది. తెల్లవారి ఆ రైతు మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. బూడిద పక్కన కూర్చొని, “మిరుగం నాటికి నేను దేనితోటి ఇత్తనం పెట్టాలె బిడ్డా?” అన్నాడు.

ఊరి పెద్దమనుషులు కూర్చున్నారు. మా తండ్రులు తుమ్మకర్ర తెచ్చి ఇవ్వాలని, మేము నాలుగు రోజులు వడ్లాయన కొట్టం దగ్గర పనిచేయాలని, గొర్రు తయారైన తరువాత మేమే మోసుకొనిపోయి ఆ వాకిట్లో పెట్టి రావాలని తీర్పు చెప్పారు. ఠాణాకు పోలేదు. మా పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. అట్లాగని తప్పును కప్పిపుచ్చలేదు కూడా. గొర్రును భుజాన పెట్టుకొని ఊరి నడుమ నుంచి నడిచిన ఆ దూరం నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ జ్ఞాపకాన్ని చూపి పాతకాలమే మేలని వాదించబోవడం లేదు. ఆ పెద్దమనుషుల న్యాయం రైతు గొర్రుకు దొరికింది. అదే ఊళ్ళో బావి దగ్గర ఆడపిల్లల మీద పడే మాటలకు ఎన్నడూ దొరకలేదు. వస్తువు పోతే నష్టం కంటికి కనబడుతుంది. మనిషి మర్యాద పోతే బూడిద మిగలదు కదా! చట్టం అవసరం మొదలయ్యేది అక్కడే.

మన ప్రాచీనులు నవ్వును చాలా సూక్ష్మంగా పరిశీలించారు. నాట్యశాస్త్రం హాస్యాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా విభజించి, మొదటి రెండూ ఉత్తములకు, తరువాతి రెండూ మధ్యములకు, చివరి రెండూ అధములకు చెందుతాయని చెప్పింది. పళ్ళు కనబడినవా, భుజాలు కదిలినవా, కళ్ళలో నీళ్ళు వచ్చినవా అన్నది అక్కడి కొలత. ఎన్నో ఏళ్ళు ఈ విభాగాన్ని పాఠంగా చెప్పిన తరువాత గాని నాకు ఒక లోటు తోచలేదు. ఆ కొలతలన్నీ నవ్వేవాని ముఖానికి సంబంధించినవే. ఎవరిని చూసి నవ్వుతున్నారో ఆ మనిషి ముఖం ఎట్లా ఉన్నదన్న లెక్క ఆ ఆరింటిలో లేదు.

ఆ లెక్క నాకు తెలిసివచ్చిన తీరు చెప్పక తప్పదు. 2001 ప్రాంతంలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఒక జూనియర్ కళాశాలలో పనిచేస్తున్నాను. రామాయణ కథాభాగం చెబుతూ శూర్పణఖ పాత్రను కొంత హాస్యం కలిపి వర్ణించాను. తరగతి విరగబడి నవ్వింది. లోలోపల సంతోషించాను, పాఠం రక్తికట్టిందనుకొన్నాను. నలుగురు కుర్రవాళ్ళు ఆ పేరును తరగతి నుంచి బస్టాపుకు తీసికొనిపోయి, పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయికి తగిలించారు. ఆమె బస్సు ఎక్కేటప్పుడు ఆ పేరు. దిగేటప్పుడు ఆ పేరు. బస్సు వెనుక అద్దం మీది దుమ్ములో వేలితో రాసిన పేరూ అదే. ఇవన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతులు. దీపావళి తరువాత హాజరుపట్టీలో ఆమె పేరు ఎదుట వరుసగా గైర్హాజరు పడుతుంటే, పత్తి ఏరే కాలం కదా, కూలికి పోతున్నదేమో అనుకొని ఊరుకొన్నాను. ఆ జిల్లాలో అది ఎవరికైనా తోచే కారణమే. అందుకే అడగలేదు.

మాఘమాసంలో ఆమె తండ్రి టీసీ కోసం వచ్చాడు. “చదువు అచ్చిరాలే సార్” అన్నాడు, అంతే. అసలు కారణం ఆమె స్నేహితురాలు చెప్పింది. ఆ నలుగురినీ పిలిచి నిలదీస్తే, వారిలో ఒకడు నిజంగానే ఆశ్చర్యపోయి, “ఆమె కూడ నవ్వేది సార్” అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. పదిమంది నడుమ ఒంటరిగా నిలబడిన పిల్ల నవ్వక ఏం చేస్తుంది? చిన్ననాడు భీముడు కౌరవులను పదేసి మందిని పట్టి నీట ముంచేవాడు; వారు చెట్టెక్కితే చెట్టును తన్ని పండ్లతోపాటు రాల్చేవాడు. అది ద్వేషంతో కాదు, పసితనంతో చేశాడని భారతమే చెబుతుంది. కావచ్చు. నీట మునిగి ఊపిరాడని వానికి ఆ తేడా తెలిసే వీలు లేదు. ఆ ఆటలే దుర్యోధనుని మనస్సులో విషమై, తరువాత భీముని అన్నంలో విషమైనాయి.

నన్ను ఇప్పటికీ బాధించే విషయం మరొకటి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం అప్పటికే వచ్చి నాలుగేళ్ళయింది. 1997 నాటి 26వ చట్టమది. ర్యాగింగ్ అంటే వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల వసతిగృహాలలో పెద్ద తరగతుల వాళ్ళు చేసే అఘాయిత్యమని మాత్రమే నేను అనుకొనేవాడిని. చట్టం అట్లా అనలేదు. విద్యార్థికి అవమానం, చికాకు, భయం కలిగించే పని ఏదైనా ర్యాగింగే అన్నది. విద్యాసంస్థ లోపలే కాదు, వెలుపల జరిగినా నిషిద్ధమే అన్నది. ఆటపట్టించి, కించపరచి, అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చేయిచేసుకొన్నా, బెదిరించినా ఏడాది వరకు. నిర్బంధించినా, గాయపరచినా రెండేళ్ళ వరకు. తీవ్రమైన గాయానికి, అపహరణకు, అత్యాచారానికి అయిదేళ్ళ వరకు. ప్రాణం పోయినా, ఆత్మహత్యకు పురికొల్పినా యావజ్జీవం లేదా పదేళ్ళ వరకు జైలుశిక్ష, యాభై వేల వరకు జరిమానా. ఫిర్యాదు అందినా చర్య తీసికోని విద్యాసంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినవానిగా పరిగణించాలని కూడా అందులో ఉన్నది. తెలంగాణ ఏర్పడిన తరువాతా ఈ చట్టం మన రాష్ట్రంలో కొనసాగుతున్నది.

బస్టాపులో వినబడిన ఒక పేరుకు ఆరు నెలల జైలా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఆ నలుగురిని ఆరు నెలలు జైల్లో పెట్టి ఉంటే ఆ అమ్మాయి చదువు తిరిగి వచ్చేదా? రాదు. కాని ఆ చట్టాన్ని జూన్ నెలలోనే తరగతిలో తెలుగులో చదివి వినిపించి ఉంటే, ఆమెకు ఫిర్యాదు చేసే దారి ఒకటి ఉన్నదని తెలిసేది. నాకు అడిగే బాధ్యత ఉన్నదని తెలిసేది. మా కళాశాలలో ఆ నిబంధనల కాగితం నోటీసు బోర్డుకు అంటించి ఉండేది, ఇంగ్లీషులో. ఆ భాష చదివి అర్థం చేసికోగలిగిన పిల్లలు ఆ రోజులలో మా దగ్గర ఎందరున్నారో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

వీథిలోని సంగతి వేరు. కళాశాల దాటి బజారులో, బస్సులో, సినిమాహాలు దగ్గర జరిగే వేధింపుల విషయంలో 2012 నవంబరు 30న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, పార్కుల వంటి చోట్ల సాధారణ దుస్తులలో మహిళా పోలీసులను నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. బస్సులో వేధింపు జరిగితే, బాధితురాలు కోరినప్పుడు బస్సును సమీపంలోని పోలీసు ఠాణాకు తీసికొనిపోవాలన్నది. ఆ కేసులో ఆరోపణ ఎదుర్కొన్నది కుర్రవాడు కాదు, తమిళనాడుకు చెందిన ఒక పోలీసు. వెకిలితనానికి వయస్సుతో ముడిపెట్టి యువకులను మాత్రమే ఆడిపోసుకొనే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకొంటే మంచిది.

2013లో శిక్షాస్మృతికి జరిగిన సవరణతో, వద్దన్నా వెంటపడడం ప్రత్యేక నేరమైంది. ఆ మార్పునకు కారణం 2012 డిసెంబరు నాటి ఢిల్లీ దారుణమని మీకు తెలుసు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షను. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ వరకు జైలు. మాటతో గాని సైగతో గాని స్త్రీ మర్యాదను కించపరచడం 79వ సెక్షను. దానికీ శిక్ష మూడేళ్ళ వరకే. ఇక మన రాష్ట్రంలో షీ టీమ్స్ 2014 అక్టోబరు 24న హైదరాబాదులో మొదలై, 2015 ఏప్రిల్ 1న అన్ని జిల్లాలకు విస్తరించాయి. మఫ్తీలో ఉండడం, జరిగింది చిత్రీకరించడం, పట్టుబడినవారి తల్లిదండ్రులను పిలిపించి వారి ఎదుట మందలించడం వీరి పద్ధతి. తప్పు తీవ్రమైనదైనా, మళ్ళీ చేసినా కేసు. పోలీసు పద్ధతులన్నిటిలో నాకు నచ్చినది ఇది. మా ఊరి పెద్దమనుషుల తీర్పులోని తండ్రుల సాక్ష్యం ఇందులో ఉన్నది. వారి తీర్పు అందని ఆడపిల్లకు రక్షణ కూడా ఇందులో ఉన్నది.

కానీ మరొక పద్ధతి పెరుగుతున్నది. దానిని చూస్తే నాకు భయం వేస్తుంది. దొరికిన కుర్రవాళ్ళచేత నడిరోడ్డు మీద గుంజీలు తీయించడం, అరగుండు కొట్టించడం, ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి ఊరంతా పంచడం. చూసినవాళ్ళు చప్పట్లు కొడుతారు. అవమానించడం తప్పని చెప్పడానికి అవమానాన్నే సాధనం చేసికొంటే కుర్రవాడు నేర్చుకొనేదేమిటి? బలం ఉన్నవాడు నవ్వవచ్చునని. పైగా అది చట్టవిరుద్ధం. 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షను ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు కేసులో ఉంటే వాని పేరు, ఫోటో, చదివే బడి వివరాలు బయటపెట్టరాదు. ఆ తప్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

శిక్ష హద్దు మీరితే ఏమౌతుందో చెప్పే కథ మహాభారత ఆదిపర్వంలో ఉన్నది. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు దోచిన సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమంలో దాగుతారు. రాజభటులు మునినీ దొంగలతోపాటు శూలానికి ఎక్కిస్తారు. చాలాకాలం తరువాత రాజు తప్పు తెలిసికొని దింపినా, శూలం మొన ఆయన దేహంలోనే ఉండిపోతుంది. మాండవ్యుడు యమధర్మరాజు దగ్గరకు వెళ్ళి, నేను చేసిన పాపమేమిటని అడుగుతాడు. చిన్నతనంలో తూనీగల వంటి చిరుప్రాణులను పుల్లలకు గుచ్చి ఆడుకొన్నావు, అది ఈ ఫలం అంటాడు యముడు. మాండవ్యుడు మండిపడతాడు. తెలియని వయస్సులో చేసిన చిన్న తప్పుకు ఇంత దండనా అని, ధర్మదేవతనే మనిషిగా పుట్టమని శపిస్తాడు. అట్లా పుట్టినవాడే విదురుడు. అంతటితో ఆగక, పద్నాలుగేళ్ళు నిండేవరకు చేసిన పనులకు పాపం అంటదని ఒక మర్యాద ఏర్పరుస్తాడు.

నా దృష్టిలో మన సాహిత్యంలోని తొలి బాల న్యాయ శాసనం ఇది. చేసినవాడు దేవుడు కాదు, రాజు కాదు, శిక్ష అనుభవించినవాడు. మన చట్టం కూడా ఆ దారిలోనే నడిచింది. ఏడేళ్ళలోపు పిల్లలు చేసినది నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు లోపు వారి విషయంలో తెలివిడి పరిపక్వమైనదా లేదా అని చూడాలి. పద్దెనిమిది లోపు వారికి వేరే న్యాయ మండలి; అది మందలించి ఇంటికి పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు, తల్లిదండ్రులచేత జరిమానా కట్టించవచ్చు. 2019లో మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ ఇంకొక అడుగు ముందుకు వేసింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి గాని, బండి యజమానికి గాని పాతిక వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. ఆ పిల్లవానికి ఇరవై అయిదేళ్ళు వచ్చేవరకు లైసెన్సు లేదు. మానేరు కట్టమీద ముందు చక్రం లేపి బండి తోలే మిత్రులారా, తాళంచెవి ఇచ్చిన నాన్నగారిని ఒకసారి తలచుకోండి.

ఈ చట్టాలలో నాకు ముచ్చట గొలిపినది మరొకటి ఉన్నది. భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చింది. అయిదు వేల రూపాయల లోపు విలువగల వస్తువును మొదటిసారి దొంగిలించినవాడు, దానిని గాని దాని విలువను గాని తిరిగి ఇస్తే వానికి శిక్ష సమాజసేవే. చదువుతూ ఉంటే మా వడ్లాయన కొట్టం, తుమ్మకర్ర వాసన గుర్తుకు వచ్చాయి. అయితే అవమానించే మాటకు, వెకిలి చేష్టకు ఈ దారి లేదు. అక్కడ జైలు, జరిమానా, లేకపోతే ఏమీ లేకపోవడం. పద్దెనిమిది దాటినవాని మీద కేసు పడితే ఉద్యోగాల పరిశీలనలో అది వెంటాడుతుంది. అందుకే చాలామంది ప్రధానాచార్యులు, తల్లిదండ్రులు ‘పిల్లవాని భవిష్యత్తు’ అని విషయాన్ని నొక్కిపెడుతారు. టీసీ తీసికొని పోయిన పిల్ల భవిష్యత్తు ఆ మాటలో ఎక్కడా ఉండదు. ఇటువంటి నేరాలకు కూడా సమాజసేవ శిక్ష కావాలని నా అభిప్రాయం. అది ఎవరికి బాధ కలిగిందో వారి అంగీకారంతో, వారికి ఎదురుపడే ఇబ్బంది లేకుండా జరగాలి. రెండవసారి అదే పని చేస్తే జైలు మాట ఎత్తవచ్చు.

కఠినమైన చట్టమే మందు అనేవారికి ఇతర దేశాల అనుభవం చూపవచ్చు. 1994లో సింగపూరులో కార్లకు రంగు చల్లిన పద్దెనిమిదేళ్ళ అమెరికా కుర్రవానికి బెత్తపు దెబ్బల శిక్ష పడింది. అమెరికా అధ్యక్షుడు కల్పించుకొంటే ఆరు దెబ్బలు నాలుగైనాయి. ఆ నాలుగు దెబ్బల వల్ల లోకమంతా తెలిసినది ఆ కుర్రవాని పేరు గాని, కార్ల యజమానులది కాదు. బ్రిటన్‌లో 1998 చట్టంతో వీథి ఆగడాలకు ప్రత్యేక నిషేధపు ఉత్తర్వులు తెచ్చారు. కొందరు కుర్రవాళ్ళు ఆ ఉత్తర్వును పతకంలా చెప్పుకొన్నారు. 2014 చట్టంతో ఇంగ్లండు, వేల్సులలో వాటి స్థానంలో వేరే ఏర్పాట్లు చేశారు.

ఇప్పుడు నవ్వులాటకు ఫోను తోడైంది. ముక్కూమొగం తెలియని మనిషిని వీథిలో భయపెట్టి, తికమకపెట్టి, దానిని ‘ప్రాంక్’ అని లోకానికి చూపిస్తున్నారు. 2024లో కూకట్‌పల్లి రద్దీ రోడ్డు మీద నోట్లు వెదజల్లి వీడియో తీసిన యువకునిపై పోలీసులు కేసు పెట్టారు. మా రోజులలో బస్సు అద్దం మీది దుమ్ము మరునాటి వానకు పోయేది. ఈ రాత పోదు. నిజామాబాద్ జిల్లా హున్సా గ్రామంలో హోలీనాడు పిడిగుద్దులాట ఆడుతారు. రెండు వర్గాలు నడుమ తాడు పట్టుకొని గుద్దుకొంటాయి. ఆట ముగిశాక అలాయ్‌బలాయ్ తీసికొంటాయి. పోలీసులు వద్దన్న సందర్భాలున్నాయి, ఆట మాత్రం ఆగలేదు. ఆ ఆట మంచిదని నేను అనను. కాని అక్కడ దెబ్బ తినేవాడు తనంత తాను తాడు పట్టుకొన్నవాడు. దారిన పోయేవాని చేతిలో తాడు లేదు.

కొన్నేళ్ళుగా మా తరగతిలో జూన్ నెలలో మొదటి పాఠం పద్యం కాదు. 1997 చట్టాన్ని తెలుగులో చెబుతాను, ఆ వెంటనే మాండవ్యుని కథ చెబుతాను. శూర్పణఖ పాఠం వచ్చినప్పుడు హాస్యం తగ్గించాను. అది చాలా ఆలస్యంగా చేసిన దిద్దుబాటు. ఈ మధ్య ఒక పిల్లవాడు లేచి, “మాండవ్యుడు పద్నాలుగు అన్నాడు, మాకు పదహారు. మా సంగతేంది సార్?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు తగ్గుతుండగా చివరి వరుసలోని ఒక అమ్మాయి కూర్చున్న చోటు నుంచే, “మరి ఆ తూనీగ సంగతి, సార్?” అన్నది.

భారతంలో దానికి జవాబు వెదకడానికి నాకు కొంత సమయం కావాలన్నాను. మరునాడు మళ్ళీ ఆ చట్టమే తెరిచి, ఈసారి ఫిర్యాదు ఎవరికి, ఎట్లా రాయాలో పిల్లలచేత రాయించాను.